పదకొండు గీతలు

చెన్నై, కొరుక్కుపేట బడి, ఏడో తరగతి.
బల్ల మీద ఫోను బోర్లించి రికార్డింగు పెట్టాను.
రాత్రి వంటింట్లో, చింతపండు నానుతుండగా
నా పాఠం నేనే విన్నాను.

నలభై నిమిషాలు. ముప్పైమూడు నా గొంతే.
ప్రశ్న వేస్తాను,
ఊపిరి తీసుకునేలోపు జవాబూ నేనే చెప్పేస్తాను.
మధ్యలో గూడ్సు బండి పోయింది.
అప్పుడు మాత్రం పిల్లలు
హాయిగా మాట్లాడుకున్నారు.

మర్నాడు చెప్పాను: మీరూ లెక్క రాయండి,
నా గురించైనా సరే.

వారం తిరిగేసరికి ధనకోటి నోటుబుక్కు తెచ్చింది.
పెన్సిలు గీతలు, ఐదేసి కట్టలు.
"మేం 'ఉండాది' అంటే టీచర్ 'ఉంది' అని దిద్దింది:
పదకొండు సార్లు.
గురువారం టీచర్‌కి వాళ్లమ్మ ఫోను.
'ఈడనే ఉండానమ్మా, బువ్వ తింటివా?'
ఒకసారి.
ఎవరూ దిద్దలేదు."

కింద ఒక ఖాళీ గడి గీసింది,
టీచర్ చెప్పవలసినది.

ఎర్ర పెన్ను మూత తీశాను.
మళ్లీ పెట్టేశాను.

ఇవాళ ప్రశ్న వేసి
మనసులో అంకెలు లెక్కపెడుతూ నిలబడ్డాను.
ఆరు దగ్గర లేచాడు దేవసహాయం,
జూన్ నుంచి నోరు విప్పనివాడు.
"ఒక సందేహం ఉండాది టీచర్."

ధనకోటి పెన్సిలు ఎత్తి
ఆగింది.