దురద లెక్క

పాత పాలబిల్లుల వెనక
రాస్తా ఉండా గంగోత్రీ, నీ తిండీ, నీ దురదా.

సోమవారం: సంగటి, చెనిగ్గింజల ఊరుబిండి. మోచేతి మడత ఎర్రగా.
బుధవారం: పితికిపప్పు. కొంచెం నయం.
శుక్రవారం ఏమీ రాయలా,
తెల్లార్లూ నీ గోళ్ళు పట్టుకోని కూర్చున్నా.

వంకాయ వద్దనింది ఎదురింటి రెడ్డెమ్మ,
ఎండుచేప వద్దన్నాడు పుంగనూరు బస్సులో ఎవరో.
వద్దు వద్దనుకుంటా పోతే
కంచం అడుగున నీ మొగం కనబడింది.

"అన్నీ ఒకేసారి మాన్పితే బిడ్డ ఎండిపోతుందమ్మా,
ఒకటొకటే చూడు" అనింది డాక్టరమ్మ.

పొలుసు మాదిరి రాలే నీ పిక్కలకి
నూనె పూస్తా ఉంటే అడిగితివి:
"నాకు ఇష్టమైనియ్యి ఏ కాగితంలో రాసినావు?"

వెతికినా. లేవు.

ఇంకో బిల్లు తిప్పి మొదలుపెట్టినా:
పితికిపప్పు. రెండోసారి అడిగి పెట్టించుకునింది.