జూలైలో ద్రాక్షతోట బేరం

చవకగా వస్తోందంటే
ఎందుకు చవకో ముందు అడగాలి.
అడిగాను.
ఏజెంటు డారెల్ టోపీ సర్దుకుని
నది చాలా దగ్గరన్నాడు.

దగ్గరే. లాక్స్‌టన్‌లో ఎటు నడిచినా
ముర్రే నది వంపు తిరిగి ఎదురొస్తుంది.
కానీ ఇక్కడ నేల ఒకరిది, నీళ్ళు ఒకరివి.
ఏ కరువు ఏడో నీటి హక్కు విడిగా అమ్ముడైపోయింది.
పంపు ఉంది, పైపులున్నాయి,
వరస వరసకీ డ్రిప్పు గొట్టాలున్నాయి,
వాటిలో పారాల్సింది మాత్రం
ఏదో పట్నపు కంపెనీ బీరువాలో ఉంది.
కాగితం వెనక్కి తిప్పి చదివింది సువర్ణ, నేను కాదు.

గేటు దగ్గర బూట్లు మందునీళ్ళలో ముంచమన్నారు,
వేరుపురుగు ఎవరి మడమ పట్టుకుని వస్తుందోనని.
ఇరవై ఎకరాలు.
"ఎనిమిది వందల గుంటలు" అని నవ్వి
ఆ నవ్వు మధ్యలోనే అప్పు లెక్కలోకి వెళ్ళిపోయింది తను.

చలి. తీగలన్నీ ఎండుకట్టెల్లా నిద్రపోతున్నాయి.

మా నాన్న మేడ్చల్ పక్కన కత్తిరింపు కూలీ.
తోట మాది కాదు, కత్తెర ఒక్కటే మాది.
అక్కడ తీగకు నిద్ర లేదు,
ఏడాదికి రెండుసార్లు కోసి లేపేవాళ్ళు.
రాతి కడీల మీద, తలకు పైన, పందిరి.
పైకి చూసీ చూసీ నాన్న మెడ
అన్నం ముందు కూడా వంగేది కాదు.
తర్వాత బోర్లు ఎండాయి, వెంచరు వేశారు,
ఆ కడీలే ప్లాట్లకు హద్దురాళ్ళు.

ఇక్కడ తీగలు నడుమెత్తున తీగె పట్టుకు నిలబడతాయి.
నిద్రపోతున్నదాన్ని బేరమాడటం
మర్యాద కాదేమో అనిపించింది.

అయినా పార దించాను.
జానెడు ఎర్ర ఇసుక, ఆ కింద సున్నపురాయి ఠంగుమంది.
డ్రిప్పు చుక్క పడేచోట తెల్లటి పొర.
సువర్ణ గోటితో గీకి నాలుకకు తగిలించుకుని
"ఉప్పే" అంది, చారు రుచి చూసినట్టు.

అమ్మేది ఫోటిని అనే గ్రీకు పెద్దావిడ.
షెడ్డులో చిక్కటి కాఫీ పోసింది.
రేకు గోడ నిండా పెన్సిలు రాత:
ఏ ఏడు, కోత ఏ రోజు మొదలైంది, ఎన్ని టన్నులు.
డారెల్ ఇచ్చిన రంగుల పుస్తకంలో లేనిదంతా
ఆ గోడ మీద ఉంది.
ఒక ఏటికి ఎదురుగా "మంచు".
ఇంకో ఏటికి "వడగళ్ళు".
ఒకచోట టన్నులు లేవు, "కోస్టాస్" అని పేరు మాత్రం.
అది నేను అడగలేదు.

చివరి మూడేళ్ళకు తేదీ లేదు, సున్నా కూడా లేదు.
"కోయలేదు" అంది.
వైనరీ ట్యాంకుల్లో నిరుటి సరుకే కదలకుండా ఉందట,
కోత కూలి పండు ధరను దాటిపోయిందట.
"చిలకలు తిన్నాయి. బాగా ఒళ్ళు చేశాయి"
అని తనే ముందు నవ్వింది.

లేచి, కత్తెర నా చేతికిచ్చి, ఒక తీగ చూపించింది.
చేయి దానంతటదే పైకి లేచింది,
మేడ్చల్ పందిరి ఉండే ఎత్తుకి,
ఉత్త ఆకాశంలోకి.
ఆవిడ నా మణికట్టు పట్టి కిందికి దించి
రెండు కళ్ళు ఉంచి మిగతాది కోయమంది.
కోశాను.
కోసినచోట పచ్చటి తడి.

తిరుగుదారిలో సువర్ణ నీళ్ళ అద్దె,
స్తంభాల ఖర్చు, కొనేవాడి పేరు దగ్గర ఖాళీ
అన్నీ మూడుసార్లు కూడింది.
ఏ కూడికా నిలబడలేదు.
వైకెరీ దాటాక టోల్‌కని కాదు, రుమాలు కోసమని
కోటు జేబులో చేయి పెడితే
కత్తెర.

సువర్ణ దాన్నీ నన్నూ చూసి
లెక్కల కాగితం మడిచేసింది.
"ఇంకేం తగ్గిస్తుంది ధర,
నీ మొహం ఆవిడ చదివేసింది.
ఆదివారం ఇచ్చిరావాలి, పెట్రోలు కొట్టించు."