మూసిన రోజు గాలి

చెంగల్రాయులు గేజీని బల్లమీద పెట్టి
"నీళ్ళు దూరినాయన్నా" అన్నాడు.
అరచేతంత గడియారం, ఒకటే ముల్లు.
అది చెప్పేది టైము కాదు,
వీపున మోసే సిలిండర్లో
ఇంకా ఎంత ఊపిరుందో.

నేను చూస్తే అద్దం శుభ్రంగా ఉంది.
చిత్తూరు మధ్యాహ్నం, ఫ్యాను కింద
దానికేం రోగం లేదు.
"ఇక్కడ కాదన్నా, కిందికి పోతేనే.
నలభై అడుగులు దాటితే
కంటికి పొర కమ్మినట్టు..."
అని ఆగినాడు.

ఇరవై రెండేళ్ళు పాల డెయిరీలో
బాయిలర్ గేజీలు చూసినోణ్ణి.
అది మూతపడినాక ఈ అంగడి.
మిక్సీలు, కాటాలు, బీపీ మిషన్లు.
నీటి అడుగు సామాను తెచ్చేది వీడొక్కడే.
చిత్తూరులో సముద్రం యాడుంది?
రాయి తవ్వి వదిలేసిన గుంతలున్నాయి,
మూడు తాటిచెట్ల లోతు,
ఎండ అడుక్కి దిగని నీళ్ళు.
జారిపడిన మోటార్లు తీస్తాడు,
దొంగలు పారేసిన బీరువా ఒకసారి,
మనుషుల్ని కూడా.

ముందు వేడినీళ్ళ గిన్నెలో ముంచినా.
సందుంటే లోపలి గాలి ఉబ్బి బయటికి రావాల.
ఒక్క బుడగా రాలేదు.
పక్కన చెరుకురసం మునెమ్మనడిగి
చెంబుడు ఐసునీళ్ళు తెచ్చి అందులో దించినా.
ముల్లు మొదట్లో రూపాయి బిళ్ళంత,
తర్వాత అద్దం నిండా
తెల్లగా.

"చూస్తివా, కారతాందని చెప్పలా?"

కారలేదు నాయనా.
ఇది గుంత నీళ్ళు కాదు,
మూసిన రోజు లోపల చిక్కిన గాలి.
వెచ్చగా ఉన్నంతసేపు కనపడదు,
చలి తగలంగానే చెమట పడుతుంది.

మూసింది ఎవరు?
ఆ మాట వాడు అడగలేదు.

పోయిన కార్తీకం, తుపాను ముసురు మూడో రోజు.
కరెంటు లేదు. కొవ్వొత్తి పెట్టుకొని
డయల్ మీదికి వంగి
నోటితో ఉఫ్ అని దుమ్మూది
రింగు పెట్టి బిగించినా.
ఎనభై రూపాయలు తీసుకొన్నా.

"ఏ గుంతలో?" అన్నా.
పేరు చెప్పినాడు. పేపర్లో చదివిందే.
"అడుగున చేతికి ఏదో తగిలిందన్నా,
గుడ్డో, నాచో.
గాలి ఎంతుందో కనపడలా.
పైకొచ్చేసినా.
వచ్చి చూస్తే సగం సిలిండర్ అట్టే ఉంది."
పిల్లోణ్ణి మర్నాడు నెల్లూరోళ్ళు వచ్చి తీసినారు.
అప్పటికే పోయుంటాడు లేరా, అన్నా.
"పోయుంటాడు.
వాళ్ళమ్మకు ఒక రాత్రి ఎక్కువైంది."

స్క్రూడ్రైవర్ కోసం బల్లంతా వెతికినా.
అది చేతిలోనే ఉంది.

బియ్యంలో పెడదామా అన్నాడు.
బియ్యానికే చెమ్మ ఉంటుంది.
డెయిరీ ల్యాబు నుంచి తెచ్చుకున్న నీలం గింజలు
సీసాలో ఎప్పుడో గులాబి రంగుకు తిరిగినాయి.
పాత పెనంమీద వేయించినా, మళ్ళీ నీలమయ్యేదాకా.
గేజీ విప్పి వాటితో డబ్బాలో పెట్టి
నాలుగు రోజులు తియ్యలేదు.

అయిదో రోజు, కాకులు నోళ్ళు తెరుచుకొని
కరెంటు తీగ మీద కూర్చున్న వేళ,
ప్లాస్టిక్ కవరులో గింజలు పోసి
కవరులోనే చేతులు పెట్టి
కొత్త రింగుకు వెంట్రుక మందాన గ్రీజు రాసి
మూత తిప్పినా.
కవరు అడ్డముంది కదా,
అయినా ఊపిరి బిగబట్టినా.
పక్కన వాడూ బిగబట్టినాడు,
వాడికి అలవాటే.

ఐసునీళ్ళలో పావుగంట.
మునెమ్మ కూడా బండి వదిలేసి వచ్చి నిలబడింది.
సున్నామీద ముల్లు, చీమకాలంత సన్నంగా,
నల్లగా.

బయటికి తియ్యంగానే అద్దం తెల్లబడింది.
వాడి మొహం చూడలేకపోయినా.
"అది బయటిదిరా" అని
పంచె అంచుతో తుడిచినా,
తుడిచి, ఇంకోసారి తుడిచినా.