కుండీ కేసు షీటు

మద్దిలపాలెం నర్సరీలో నూటిరవై చెబితే
తొంభైకి బేరమాడి తెచ్చాను.
"ఇంట్లో పెంచుకునే పులిచింతమ్మా," అన్నాడు గుర్నాథం.
"ఎర్రటెండలో ఎట్టకు.
ఏలు మట్టిలో గుచ్చి సూడు, పొడిగుంటేనే నీలు."
మొదటి కణుపు దాకా, అని తన వేలే చూపించాడు.
ఆ గోట్లో నల్లమట్టి.

కోటవీధిలో మూడో అంతస్తు మాది.
కిటికీ తీస్తే హార్బరు, మూస్తే ఉక్కపోత.
గాలికి ఉప్పూ వస్తుంది, బొగ్గుపొడీ వస్తుంది.
వారానికోసారి తడి దూదితో
ఒక్కో ఆకూ తుడుస్తాను,
అప్పుడే పుట్టిన బిడ్డ చెవి వెనక తుడిచినట్టు.
దూది నల్లబడుతుంది.
వంకాయరంగు మళ్లీ బయటికొస్తుంది.

ఘోషాస్పత్రిలో నాది నైట్ డ్యూటీ.
నేను జడేసుకుని టిఫిన్ డబ్బా సర్దుకునేసరికి
అది మూడేసి ఆకులూ కిందికి ముడుస్తుంది,
వాన వెలిశాక గొడుగులు మూసినట్టు.
పొద్దున్న నేను చెప్పులు విడిచే వేళకి విచ్చుకుంటుంది.
ఈ ఇంట్లో ఎవరో ఒకరు మేలుకుని ఉండాలని
మా ఇద్దరికీ ఒప్పందం.
నిజానికి ఒప్పందమేమీ లేదు.
దానికి వెలుగు, నాకు జీతం.

ఆగస్టులో ఒక కాడ వాలింది. తర్వాత నాలుగు.
నేను చేసిన తప్పు చెబుతాను:
వాలిందని నీళ్లు పోశాను,
ఇంకా వాలిందని ఇంకా పోశాను.
పళ్లెంలో నీళ్లు నిలిచి దోమలు.
వినాయక చవితి నాటికి కుండీలో
మట్టి తప్ప ఏమీ లేదు.

ఇల్లు తుడవడానికొచ్చే పైడమ్మ చీపురానించి నిలబడింది:
"ఏటమ్మా, ఉత్త మట్టికి కాపలా కాస్తన్నావా?
పారబోసీనా?"
ఉండమన్నాను. గుర్నాథానికి ఫోన్ చేశాను.
"సచ్చిపోనేదమ్మా, తొంగున్నాది.
అడుగున దుంపలుంటాయి, పొలుసులు పొలుసులుగా.
నీలు మానీ. నీడనెట్టీ. నెల్రోజులు మర్సిపో."

మర్చిపోవడం నాకు చేతకాదు.
ఇరవై ఏళ్లు గంటగంటకీ నాడి రాసినదాన్ని.
క్యాలెండరు కాగితం చింపి, వెనక గళ్లు గీసి
కుండీకి అంటించాను.
మూడో తారీకు: కదలిక లేదు. నీళ్లు లేవు.
ఏడు: కదలిక లేదు. వేలు పెట్టబోయి మానేశాను.
పన్నెండు: పచ్చగా ఏదో!

పరిగెత్తి కళ్లద్దాలు తెచ్చుకున్నాను.
మన ఊరి పులిచింత.
గోడ సందుల్లో, మురుక్కాలవ గట్టుమీద,
ఎవరూ బేరమాడని పులిచింత.
గోరంత పసుప్పచ్చ పువ్వు.
కాయ చిట్లి ఎక్కణ్ణుంచి ఎగిరిపడిందో,
అడక్కుండా వచ్చి కూర్చుంది.
పీకేద్దామని పట్టుకున్నాను.
వేళ్లకంటిన పులుపు నాలిక్కి రాసుకున్నాను.
బడి వెనక గోడ, పలక, దొంగిలించిన ఉప్పురాయి
అన్నీ ఒక్కసారి పళ్లల్లో పులిశాయి.
పీకలేదు.
పైడమ్మ కాసిని తుంచుకెళ్లి పప్పులో వేసి
గిన్నెడు నాకూ తెచ్చింది.

అక్టోబరు ఇరవై రెండు.
రాత్రి మూడు కాన్పులు. మూడోది ఏడవడానికి
కాసేపు తీసుకుంది.
కాళ్లు లాగుతుంటే మెట్లెక్కి వచ్చి
అలవాటుకొద్దీ చూస్తే,
పచ్చదాని మధ్య నుంచి
వంకాయరంగు పిడికిలొకటి.
ఇంకా విప్పలేదు.

తారీకు వేశాను. టైము వేశాను, ఏడూ నలభై.
కదలిక అన్న గడిలో
ఏం రాయాలో తోచక
పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాను.
హార్బర్లో ఏదో ఓడ కూసింది.
వేలు గుచ్చి చూశాను, మొదటి కణుపు దాకా.
అర గ్లాసు.