మధ్య గడిల రెండే

సొహార్ పోర్టు గోదాంల
డబ్బాకొక చీటి ఉంటది.
నట్లు అడుగంటంగనే చీటి వెనక్కి పోతది,
చీటి పోతేనే కొత్త డబ్బా వస్తది.
అడగకముందే తెచ్చి కుప్ప పోస్తే
రోడెల్ సార్ మొకం చిట్లిస్తడు.
ఆయన ఇంగ్లీషుల చెప్పింది
నా మాటల మలుపుకున్న:
నూకుడు కాదు, గుంజుడు.

నేనేమో నూకినోన్నే.
వచ్చిన మొదటేడు
అరబ్బీ, ఇంగ్లీషు, కంప్యూటరు, క్రేన్ లైసెన్సు,
నాలుగు పుస్తకాలు దిండు కింద పెట్టుకొని పండి
మెడనొప్పి ఒక్కటే నేర్చిన.

ఒక శుక్రారం పొద్దుగాల
ఇనుప అల్మారి తలుపు మీద
నల్ల టేపు రెండు పట్టీలు అంటించిన.
మూడు గడులు:
నేర్వాలె. నేరుస్తున్న. వచ్చింది.
చాయ్‌పత్తా డబ్బాల అట్టలు చీటీలైనయి,
పాత స్పీకరు పలగ్గొడితే అయస్కాంతం ముక్కలు.
మధ్య గడి నెత్తి మీద పెద్దగ రాసిన:
రెండే. మూడోది పెట్టినోడు గాడిద.

ఆరుగురం పండే అర్ర మాది.
పొయ్యి ఒక్కటే.
ఒకని గిన్నె దిగకముందు ఇంకొకనిది ఎక్కదు.
ఇంత చిన్న ముచ్చట పొయ్యి కాడ తెలిసి
పుస్తకం కాడ ఎందుకు తెల్వలేదో.

చీటీలు కదిలినయి.
నిదానంగ, బస్సుల, గేటు పాసు లైన్ల,
ఎండకు పని ఆపే జూన్ మధ్యాహ్నాల.
ఆగుడు సుత దండుగే అంటడు రోడెల్ సార్.
సార్, ఆగుడు తీసేస్తే
ఈడ మా లెక్కల ఏం మిగులుతది?
అనలేదు. మనసుల అనుకున్న.
ఒక్కొక్క ఆగుడుకు ఒక్కొక్క పేజీ కట్టిన.

"తాడు కోణం" చీటి దగ్గర బండి ఇరికింది.
కదలని దినానికొక ఎర్ర చుక్క పెట్టాలె, అది రూలు.
చీటికి అమ్మోరు పోసినట్టయింది.
పంతొమ్మిది చుక్కలు.
దాన్ని పక్కకు జరిపి అలకటిది ఏదన్న పెట్టుకుందామని
చెయ్యి గుంజేది.
తలుపు నన్ను గాడిదా అని పిలిచేది.

మీది మంచం తిలక్ బహదూర్ చుక్కలు లెక్కవెట్టి
ఏంది రోగం అన్నడు.
చెప్పిన.
ఇరవై లీటర్ల నీళ్ల క్యాను మెడకు
రెండు లుంగీలు ముడేసిండు.
నీకొకటి, నాకొకటి. లేపు.
లేసింది పిట్ట లెక్క.
ఇగ దూరం జరుగు.
జరిగిన. మోచేతులు వణికినయి.
ఇంకా జరుగు.
లుంగీ వింటినారి లెక్క బిగిసింది, భుజం ఊడొచ్చేటట్టయింది.
ముప్పై డిగ్రీలకు దిగితే
ఇద్దరు మోసినా ఒక్కొక్కని మీద మొత్తం బరువే.
పుస్తకంల ఎన్నిసార్లు చదివినా కంటినే ఆగిన ముక్క
అరచేతి నుంచి లోపలికి పోయింది.
అంతల లుంగీ చినిగింది.
అది షంసుద్దీన్‌ది.
నీళ్లు తుడిచేసరికి పదిన్నర,
తిట్లు తినేసరికి పదకొండు.
చీటి మూడో గడిలకు పోయింది.

సుగుణకు ఫోన్‌ల చెప్పిన,
తాళ్లు దూరమైతే బరువు పెరుగుతదట అని.
జరసేపు సప్పుడు లేదు.
"గందుకేనా నాకు రెక్కలు గుంజుతున్నయి" అన్నది,
నవ్వింది,
బ్యాలెన్సు అయిపోయింది.

పరీక్ష తారీకు కంపెనీ ఇంకా చెప్పలేదు.
మధ్య గడిల ఇప్పుడు ఒక్కటే చీటి: "గాలి వేగం".
రెండోది కావాలని పెట్టలేదు.
ఖాళీ జాగ చూస్తుంటే
కాళ్లు చాపుకున్నట్టుంటది.

రాత్రి డ్యూటీ దిగొచ్చి చూస్తే
ఆ జాగల ఎవరిదో చీటి.
నేపాలీ రాత. నాకు చదవరాదు.
అంచుకు అప్పుడే ఒక ఎర్ర చుక్క.

తీయలేదు.
రెండే కదా,
సరిపోయింది.