పదకొండోది

గ్రిమ్స్‌బీలో ఫిబ్రవరి అంటే
సముద్రం గోడల్లోకి ఇంకే నెల.
గ్వెండా ఇంట్లో మాత్రం
పదకొండు గాజుపెట్టెలు, పదకొండు ఎండలు.
ఎంత మేపినా ఆకలి తీరనిది
గుమ్మం పక్కన కరెంటు మీటరొక్కటే.

రాత్రంతా ఫ్యాక్టరీలో మేమిద్దరం
హ్యాడక్ చేపల వెన్ను తీస్తాం.
టీ తాగే పది నిమిషాల్లో ఆమె
అట్టముక్క మీద లెక్కలు వేసేది.
కొత్త ర్యాకు నాలుగువందల ఎనభై పౌండ్లు,
చేతిలో ఉన్నది నూట అరవై.
పాము చావకూడదు, కర్ర విరగకూడదు
అనే మాట వాళ్ళ భాషలో ఉందో లేదో గాని
ఆ అట్ట మీద మాత్రం అదే రాసుంది.

చెక్క కోసి తనే చేద్దామనుకుంది.
పలకలు, డబ్బాలు, హీట్ టేపు, రంపం అద్దె
అన్నీ కూడితే కొత్తదానికి సొంత చెల్లెలయింది.
మూతపడ్డ బట్టలకొట్టు వాళ్ళు
బయట పడేసిన ఇనపర్యాకూ చూసింది.
డబ్బాకీ పై అరకీ మధ్య
పిల్లి పడుకునేంత ఖాళీ.

ఆఖరికి లౌత్‌లో క్లైవ్ ఆర్మరాడ్ అనే ఆయన
అమ్ముతున్నాడని తెలిసి
చేపల వ్యాను అడిగి తీసుకుని
ఆదివారం పొద్దున్నే వెళ్ళాం.

ఇల్లు చూడ్డానికొచ్చిన వాళ్ళు
కుళాయి తిప్పి చూస్తారు, ఎండ ఏ వైపో అడుగుతారు.
గ్వెండా గ్యారేజీ నేల మీద మోకరించి
పది సొరుగుల పైనా ఒక్కో సందులో
పెన్సిల్ దూర్చింది.
తొమ్మిది చోట్ల మొన ఆగిపోయింది.
ఆరో అరలో జర్రున జారి
లోపల టక్కున పడింది.
"పెన్సిల్ పట్టిన దారి పిల్లపాముకి చాలు."
"పదేళ్ళలో నావొక్కటీ పారిపోలేదు."
"మీవి తిని బలిసినవి."
నూట తొంభై
నూట నలభైకి దిగింది.

థర్మోస్టాట్ ఊరికే ఇస్తానన్నా పుచ్చుకోలేదు.
ర్యాకు పాతదైతే పాము పాత ఇంట్లో ఉంటుందట,
అది పాతదైతే పొయ్యి మీద ఉంటుందట.
దానికోసం రెండు వారాలు ఓవర్‌టైం చేసింది.

"ఎందుకమ్ముతున్నారు?" అన్నాను నేను, ఊరుకోలేక.
తుడిచిన సొరుగునే మళ్ళీ తుడుస్తూ
"మోకాళ్ళు" అన్నాడు క్లైవ్.
"వంగలేక ముందు కింది అరలు ఖాళీ చేశాను.
పై చేయెత్తలేక పైవి.
నడుమెత్తు అర ఒక్కటీ
మొన్న క్రిస్మస్ దాకా ఉంది."

ఆరో పలక కింద
స్కూలు స్కేలొకటి మేకులు కొట్టి బిగించింది గ్వెండా.
పెన్సిల్ మళ్ళీ దూర్చింది. ఆగింది.
కాగితం పరిచి, నీళ్ళ గిన్నె పెట్టి
ఒక్కొక్కదాన్నీ దింపింది.
నెలలుగా ఎలకని ముట్టని పైథాన్
మూడో రోజున మింగింది.
ఒళ్ళంతా గోడలు తగిలే ఇరుకే వాటికి ధైర్యమట,
పుట్టలో ఉన్నట్టు.

కానీ ఇల్లు కళ్ళు మూసుకుంది.
నడవాలో ఒక తోక, మెట్ల దగ్గర ఒక నాలుక
ఇప్పుడేవీ లేవు. పది చీటీలు,
పది పేర్లు, ఆఖరి మేత తేదీలు.
షిఫ్టు నుంచి రాగానే
జ్వరం చూసినట్టు చేతి వెనకవైపుతో
ఒక్కో సొరుగునీ తాకుతుంది, తెరవదు.

పదకొండోది కస్టర్డ్,
ఒక కన్ను పోయిన ముసలి కార్న్ స్నేక్.
"దీనికి చోటు లేదు" అంది,
చోటు వెతకనే లేదు.
కెటిల్ పక్కన గాజుపెట్టెలో అది
ఆమె చొక్కా చేతికున్న హ్యాడక్ వాసన
నాలుకతో చదువుతుంటుంది, ఆమె టీ తాగినంతసేపూ.

నెల తిరిగాక మీటరు అంకె రాసి
అట్టముక్క నాకు చూపించింది.
సగానికి సగం!
కెటిల్ పక్క బల్బు ఖర్చు
అందులో కలపలేదు.
నేనూ అడగలేదు.