మావును అప్పగిస్తూ

ఇలా కూర్చో ఫెనుసువా, కాళ్లు కడుక్కున్నావా?
తెల్లారకముందే పడవ కదుల్తుంది.
అనకావు అవతల ఆక్టోపస్‌ల కాలం,
మూడు వారాలు. గాలి మొండికేస్తే నాలుగు.
ఆ ఉప్పుకీ ఎండకీ దీన్ని తీసుకెళ్లలేను.

ముందు దువ్వెన సంగతి.
పొడిగా ఉన్నప్పుడు దువ్వకు, తెగుతుంది.
నీళ్లు పుక్కిట పట్టి తుంపర్లుగా ఊదు,
ఇస్త్రీ బట్ట మీద ఊదినట్టు.
ఇది బొచ్చు కాదురా, దూది.
ఏకితే మబ్బు, వదిలేస్తే ఉండ.
చిక్కు పడితే మొదట్లో పట్టి లాగకు.
మీ మామ వల విప్పడం చూశావుగా,
అలాగే, కొసనుంచి, ఒక్కో పోగూ.
కోపమొస్తే దువ్వెన కింద పెట్టి
కాసేపు వీధిలో తిరిగి రా.

చెవుల వెనకా చంకల్లోనూ వెతుకు.
వేళ్ల సందుల్లో నాగజెముడు ముల్లుంటే
కుంటదు, అరవదు,
ఆ కాలు నీ ఒళ్లో పెట్టి ఎటో చూస్తుంది.
కళ్ల కింద తడి రోజూ తుడువు.
ఏడుపు కాదది, కానీ ఎర్రచార కట్టిందంటే
నేను కొట్టానంటుంది సందు సందంతా.

ఓడ మునిగితే ఈదొచ్చిన జాతి అంటారు.
ఏమో! బకెట్లో దింపితే చాలు
నా మెడ కావలించుకుంటుంది.

కాపలాకని మాత్రం అనుకోకు.
దొంగొచ్చినా వెనక్కాళ్ల మీద లేచి
నాలుగడుగులు వేసి చూపిస్తుంది.
నవ్వకపోతే మళ్లీ వేస్తుంది.
అప్పటికీ నవ్వలేదో,
అలిగి నీ చెప్పు మీద పడుకుంటుంది.
ఒంటరిగా వదలకు. బడికి పోతే
మీ నాన్న రిక్షాలో కూర్చోబెట్టు,
బేరాలు కూడా పెరుగుతాయి.

పేరా?
మావు అంటే గోధుమరంగని నాకు తెలీదా,
తెల్లకుక్కకి ఆ పేరేంటని ఫాదరూ అడిగాడు.
పుట్టినప్పుడు ఎడమ చెవి నుంచి భుజం దాకా
వేరుశనగ పొట్టు రంగు మచ్చ.
అది చూసే త్సివేరి పేరు పెట్టాడు.
ఏడాది తిరక్కుండా మచ్చ వెలిసిపోయింది,
నీలాలు తవ్వుతానని అతను ఇలకాకా పోయాడు.
పేరొక్కటే మిగిలింది.

పోయిన ఫిబ్రవరి వానలకి
ఒళ్లంతా అట్టకట్టింది, దువ్వెన దిగలేదు.
తెరచాప కత్తిరించే కత్తెర తీసి
మొత్తం గొరిగేశాను.
గులాబీరంగు ఒళ్లు, కోడిపిల్లలా వణుకుతూ,
ఎడమ భుజం మీద, తోలు మీద,
అదే మచ్చ. అదే వంపు.
రంగు పోయింది బొచ్చులోనేనట.
కత్తెర చేత్తో అలాగే కూర్చుండిపోయాను,
అన్నం మాడిన వాసనొచ్చేదాకా.

సరే, పొద్దుపోయింది.
గంజిలో చేప వెయ్యి, ముళ్లు తీసి.
రాత్రి తలుపు గీరితే తియ్యి, అరవనివ్వకు.
దువ్వెన ఇదిగో, తువ్వాలు అదిగో.
కత్తెర అడక్కు,
అది నాతో పడవలోకి వస్తుంది.